మైకమ్మ చెప్పిన మాట

ఆ ఊళ్ళో మైకమ్మ ముఖం తెలిసినవాళ్ళు తక్కువ, గొంతు తెలియనివాళ్ళు లేరు. నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఏ వీధిలో కరెంటు ఎంతసేపు పోతుందో, పిల్లలకు టీకాలు ఎక్కడ వేస్తారో, కొత్తగా తెరిచిన చెప్పుల దుకాణంలో తగ్గింపు ఎంతో, అన్నీ ఆవిడ నోటినుంచే జనం చెవిన పడేవి. వ్యాను నెత్తిన రెండు గరాటా స్పీకర్లు, స్టీరింగు దగ్గర మొగుడు, పక్క సీట్లో మైకు పట్టుకుని ఆవిడ. కూరగాయల కొట్లో బేరమాడుతుంటే కొట్టువాడు ఉలిక్కిపడి తలెత్తి, "మీరేనా ఆవిడ" అని నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేసేవాడు. అంతకు మించిన కీర్తి ఆవిడకు రాలేదు, కావాలని ఆవిడ అనుకోనూ లేదు.

ఆ గొంతుకు కంగారు తెలియదు. వరద వస్తోందని చెప్పినా, చెప్పులు చవకని చెప్పినా ఒకటే నిదానం. ఆ నిదానం ఊరికే రాలేదు. చిన్నప్పుడు ఆవిడకు ఈ పని నేర్పిన ముసలాయన ఒకటే సూత్రం చెప్పాడు. కాగితం చేతికి రాగానే పెన్సిలుతో ఊపిరి గీతలు పెట్టుకోవాలి. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గాలి పీల్చాలి, అంతవరకే చూసుకోవాలి. అర్థం జోలికి పోకూడదు, అర్థం ఆలోచించినవాడి గొంతు వణుకుతుంది. ఆవిడ ఆ మాటను శిలాశాసనంలా పట్టుకుంది. "ఇందాక ఏం చదివావు?" అని మొగుడు ఆటపట్టిస్తే, "నాకేం తెలుసు, ఆరుచోట్ల ఊపిరి తీసుకున్నాను" అనేది. చాలా ఏళ్ళు ఆ ఇంట్లో అదో పెద్ద హాస్యం.

ఇంట్లో ఉండేది ముగ్గురే. మూడో మనిషి అత్తగారు. వయసంతా నూలు మిల్లులో గడిపిన మనిషి. మిల్లు మూతపడినా అక్కడి దూదిధూళి ఆవిడ ఊపిరితిత్తుల్ని వదల్లేదు. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మిషను, దాన్నుంచి ముక్కుకు సన్నటి గొట్టం. కరెంటుంటే మిషను ఆడుతుంది, మిషను ఆడితే ఆవిడకు ఊపిరి ఆడుతుంది. అది ఆగితే ఆదుకోవడానికి మంచం కింద చిన్న సిలిండరు ఉంది కానీ అది కాసేపటి ముచ్చటే.

ఇంత జబ్బులోనూ అత్తగారి నోరు మాత్రం మూతపడలేదు. మిషన్ని "మా రెండో ఆయన" అని పరిచయం చేసేది. "మొదటాయనా ఇలాగే గుర్రు పెట్టేవాడమ్మా. కాకపోతే ఆయన గుర్రుకి నాకు ఊపిరాడేది కాదు, ఈయన గుర్రు పెడితేనే ఆడుతుంది" అనేది. కోడలి వ్యాను వీధిలోకి వచ్చిందంటే కిటికీ రెక్కలు బార్లా తెరిపించి, మాట్లాడుతున్నవాళ్ళని చేత్తో ఆపి, చివరిదాకా వినేది. చెప్పుల తగ్గింపైనా సరే.

ఆ ఇంటి గోడకు, కరెంటు మీటరు కింద, అరచేతి వెడల్పున ఒక ఎర్ర రేకుబిళ్ళ ఉండేది. ఇలాంటి మిషన్లమీద బతికేవాళ్ళున్న ఇళ్ళకు నగరసభ బిగించిన గుర్తు అది. బిళ్ళ ఉన్న ఇంటికి వేరే తీగ. ఊరంతా కోత పెట్టినా ఆ ఇంటికి కోత ఉండదు. చార్జీ సగమే. వారం వారం ఒక నర్సు వచ్చి ఛాతీ చూసి, గొట్టం మార్చి, అత్తగారి పాత మిల్లు కబుర్లు విని వెళ్ళేది. నగరసభలు చేసే పనుల్లో మనం వేలెత్తి చూపడానికి వీల్లేనివి బహు తక్కువ. ఈ ఎర్రబిళ్ళ అలాంటిది, కనుకనే దానికి ఆయుష్షు లేకపోయింది.

ఆ ఏడాది ఎండలు ముందే ముదిరాయి. కరెంటు చాలడం లేదన్నారు. నగరసభ అప్పటికి గొడుగు గుర్తు పార్టీ చేతిలో ఉంది. వాళ్ళు కొత్త బడ్జెట్ ప్రతిపాదనలు తెచ్చారు. తేనె పూసిన కత్తి అంటారే, అది అచ్చులో ఎలా ఉంటుందో చూడాలంటే ఆ పుస్తకం చూడాలి. ముసలివాళ్ళ పగటి కేంద్రాన్ని మూసేస్తామని ఎక్కడా అనలేదు, పెద్దల్ని కుటుంబాలకు తిరిగి అప్పగిస్తామన్నారు. ఇంటికొచ్చే నర్సుల్ని తీసేస్తామనలేదు, ఇంటివారి ఆప్యాయతకు చోటిస్తామన్నారు. ఎర్రబిళ్ళలు పీకేస్తామనీ అనలేదు. అది జనం చేతే పీకించాలని వాళ్ళ ఆలోచన, దానికో గొంతు కావాలి.

పార్టీ తరఫున వచ్చినవాడు నగరసభలో ఆర్థికసంఘానికి పెద్ద. ఎప్పుడూ గొంతు పెంచడు, ఎవరిమీదా కోపం రాదు, అందుకని ఊళ్ళో అతన్ని చల్లనయ్య అనేవారు. వచ్చి, అత్తగారికి నమస్కారం పెట్టి, పళ్ళు చేతికిచ్చి, మైకమ్మకు కాగితం అందించాడు. చాలా వ్యాన్లలో ఒకేసారి వేయాలి కాబట్టి ఈసారి వీధిలో చదవక్కర్లేదు, రికార్డు చేసిస్తే చాలన్నాడు. మైకమ్మ అలవాటు ప్రకారం పెన్సిలు తీసి గీతలు పెట్టుకుంది. గోడలకు బొంతలు వేలాడదీసిన ఒక చిన్న గదిలో కూర్చుని, గోరువెచ్చని నీళ్ళు తాగి, తడబడకుండా చదివేసింది:

"మన ఊరి పెద్దమనసుకు ఇది పరీక్షాకాలం. ఎర్రబిళ్ళ ఉన్న సోదర సోదరీమణులారా, మీకంటే అవసరంలో ఉన్నవారి కోసం మీ బిళ్ళను ఇష్టపూర్వకంగా వదులుకోండి. ఎవరి ఇంటా దీపం ఆరదు."

తన ఇంటి గోడకే ఎర్రబిళ్ళ ఉన్న మనిషి ఆ వాక్యం ఎలా చదవగలిగిందని తర్వాత చాలామంది ఆశ్చర్యపోయారు. నాకేమీ ఆశ్చర్యం లేదు. ఎర్రబిళ్ళ అన్న మాట దగ్గర ఆవిడ పట్టించుకున్నదల్లా రేఫ స్పష్టంగా పలకడమే. కత్తికి సాన పట్టేవాడు ఎవరి పీక కోసమని అడగడు. అడిగితే సాన కుదరదు.

వ్యాన్లు తిరగడం మొదలుపెట్టాయి. ఒక వ్యాను మైకమ్మ మొగుడిదే. అతను రోజంతా భార్య గొంతునే నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేవాడు. ఎన్నిసార్లు విన్న మాటైనా ఎక్కడో ఒకచోట చెవికి చిక్కుకుంటుంది. ఒకనాటి సాయంత్రం కాళ్ళు కడుక్కుని వచ్చి, పెరట్లో బట్టలు తీస్తున్న భార్య దగ్గర నిలబడి, మెల్లగా అడిగాడు.

"మనకంటే అవసరంలో ఉన్నవాళ్ళంటే ఎవరే? ఊపిరాడనివాళ్ళకంటే అవసరం ఎవరికి ఉంటుంది?"

మైకమ్మ ఆ కాగితాన్ని మళ్ళీ తీసి, గీతల్ని పక్కన పెట్టి, మొదటిసారి మామూలు మనిషిలా చదివింది. మర్నాడు బడ్జెట్ పుస్తకం సంపాదించింది. వదులుకున్న బిళ్ళల వల్ల మిగిలే కరెంటు ఎవరికి చేరుతుందో అందులో వెతికింది. ఇంకో పేదింటికి, ఇంకో రోగికి అన్న మాట ఎక్కడా కనబడలేదు. ఊరి బయట చేపల శీతల గిడ్డంగులకు మాత్రం రాత్రింబవళ్ళు ఆగని కరెంటు, అదీ తక్కువ ధరకు, అని స్పష్టంగా ఉంది. ఆ వారం నర్సు వచ్చి, గొట్టం మార్చి, వెళ్ళేటప్పుడు గుమ్మం బయటికి పిలిచి, ఇకమీదట తను రాకపోవచ్చని చెప్పింది. ఏ రోజు నుంచో తనకూ తెలియదట.

మైకమ్మ చల్లనయ్య దగ్గరికి వెళ్ళి, ఆ రికార్డు ఆపమని అడిగింది. డబ్బు తిరిగి ఇచ్చేస్తానంది. అతను కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఎంతో మర్యాదగా విన్నాడు. "గొంతు మీదేనమ్మా, కాదనను. మాట మాది" అన్నాడు. ఆవిడ బయటికి వచ్చేసరికి ఆ కార్యాలయం ముందునుంచే ఒక వ్యాను వెళుతోంది. తన నోరు మూసే ఉంది, తన గొంతు వీధి మలుపు తిరిగిపోయింది.

మొగుడు మర్నాటి నుంచి పార్టీ పనికి వ్యాను పెట్టలేదు. వాళ్ళకేం, ఇంకో వ్యాను దొరికింది. ఇద్దరూ కూర్చుని అనుకున్నది ఒక్కటే, ఈ సంగతి అత్తగారికి తెలియనివ్వకూడదు. ఆవిడకు దిగులు పుడితే ఆయాసం వస్తుంది, ఆయాసం వస్తే మిషను చాలదు. అందుకని ఆవిడ దగ్గర ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. వీధిలో రికార్డు వినిపించినప్పుడల్లా అత్తగారు కిటికీ తెరిపించేది. వీళ్ళు మాట్లాడకుండా తెరిచేవారు. పెద్దవాళ్ళని కాపాడుతున్నామనుకుని మనం చేసే పనుల్లో ఇంతకంటే తెలివితక్కువది ఇంకోటి లేదు, ఇది చెయ్యని ఇల్లూ లేదు.

బడ్జెట్ ఖాయం చేసేముందు జనం అభిప్రాయం వినాలని ఒక నియమం ఉంది. నియమం కాబట్టి విన్నారు. నగరసభ పెద్ద హాలులో వరసగా ఇనప కుర్చీలు, వేదికమీద గొడుగు పార్టీ సభ్యులు, వాళ్ళ ముందు నీళ్ళ సీసాలు. గోడకున్న ఏసీలు హోరుమంటున్నాయి. కరెంటు కరువని చెప్పడానికి పిలిచిన సభలో కొందరు చలికి చేతులు కట్టుకుని కూర్చున్నారు. మైకమ్మ పేరు పిలిచేసరికి హాలు సద్దుమణిగింది. ఇన్నేళ్ళుగా విన్న గొంతు ఎవరిదో చూడాలని వెనక వరసవాళ్ళు లేచి నిలబడ్డారు.

ఆవిడ చేతిలో కాగితం లేదు. మొదట గొంతు వణికింది. ముసలాయన చెప్పింది నిజమే, అర్థం తెలిస్తే వణుకుతుంది. అయినా ఆగలేదు.

"వీధుల్లో మీరు వింటున్నది నేను చదివిందే. తెలియక చదివాను. బిళ్ళలు వెనక్కి తీసుకోవడానికి ఈ బడ్జెట్‌లో చోటుంది, వాటిని ఇంకెవరికో ఇవ్వడానికి చోటు లేదు. నర్సుల్ని తీసేశారు, పగటి కేంద్రం మూసేస్తున్నారు, ముసలివాళ్ళని ఇంటికి పంపి, ఆ ఇంటికి కరెంటు తీసేస్తున్నారు. గిడ్డంగుల్లో చేపలు కుళ్ళకూడదని ఆగని కరెంటు ఇస్తున్నారు. చేపలకున్న పాటి విలువ మా అత్తగారికి లేదా? దీన్ని పొదుపు అంటున్నారు. దయచేసి ఎవరూ బిళ్ళ ఇవ్వకండి."

ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. చల్లనయ్య తలూపుతూ, ఆవిడ చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. అతని ముఖంలో కంగారు లేకపోవడం చూసి మైకమ్మకు మొట్టమొదట భయం వేసింది. ఎదటివాడు కోపగిస్తే పోట్లాడవచ్చు. ఇతను నవ్వుతున్నాడు.

"మైకమ్మగారి మాట మీద మనందరికీ గౌరవం ఉంది," అన్నాడతను. "అంతకంటే గొప్ప సంగతి ఒకటి చెబుతాను. ఆ వీధిలో అందరికంటే ముందుగా బిళ్ళ వదులుకున్నది వారి అత్తగారే. మిషను మీద బతుకుతూ కూడా ఇచ్చేశారు. ఆ తల్లికి ఒకసారి చప్పట్లు కొడదాం."

చప్పట్లు మోగాయి. కళ్ళు తుడుచుకున్నావిడ కూడా కొట్టింది. అబద్ధమని అరుద్దామనుకుంది మైకమ్మ, కానీ తను మీటరు వైపు చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. రోజూ దాటిపోయే గోడను ఎవరు చూస్తారు?

మొగుడు వ్యాను ఎలా తోలాడో, ఇల్లు ఎలా చేరారో తెలియదు. గోడ దగ్గర ఆగి చూశారు. మీటరు కింద రెండు మేకుల చిల్లులు, వాటి మధ్య వెల్ల వెలిసిపోకుండా గుండ్రంగా మిగిలిన చోటు.

అత్తగారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కోడలి ముఖం చూడగానే చిన్నపిల్లలా నవ్వింది.

"తెలిసిపోయిందా? నేనే చెబుదామనుకున్నాను. చెబితే నువ్వు వద్దంటావని ఊరుకున్నాను."

మీరిద్దరూ పనిమీద వెళ్ళినప్పుడు గొడుగు బొమ్మ చొక్కాలు వేసుకున్న పిల్లలు వచ్చారని చెప్పింది. చాలా మర్యాదస్థులట. బలవంతం చెయ్యలేదట. మీ కోడలుగారు ఊరందరికీ చెబుతున్నారు కదా, మరి మీ ఇంటి గోడకే బిళ్ళ ఉందేమిటి, జనం చూస్తే ఏమనుకుంటారండీ అని మాత్రం అడిగారట. ఇంతసేపు మాట్లాడేసరికి ఆవిడకు ఆయాసం వచ్చింది. కాసేపు ఆగి, ఊపిరి కూడదీసుకుని, కోడలి చెయ్యి పట్టుకుంది.

"నీ మాట నీ ఇంట్లోనే చెల్లకపోతే నీ పరువేం కావాలే, అమ్మాయ్? నేనుండగా నిన్నెవరూ వేలెత్తి చూపించకూడదు."

మైకమ్మ ఏదో చెప్పబోయింది. ఆ మాట నాది కాదత్తయ్యా, మీరు ఇచ్చింది ఎవరికీ చేరదత్తయ్యా, అని నాలుక చివరిదాకా వచ్చింది. తన జన్మలో ఒక మంచిపని చేశానన్న వెలుగు ఆ ముసలిముఖంలో చూసి లేచింది. వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున ఏడ్చింది.

మర్నాడు కరెంటు కార్యాలయానికి వెళ్ళి బిళ్ళ తిరిగి ఇవ్వమని అడిగింది. కౌంటరు దగ్గర మనిషి ఆవిడ గొంతు గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. కోపంగా ఒక్క మాట అనలేదు. నిన్న సాయంత్రం సభ ముగిశాక బడ్జెట్ ఖాయమైపోయిందని, బిళ్ళ ఉన్నవాళ్ళకే ఈ ఏడాది చివరిదాకా తీగ ఉంచుతారని, ఇచ్చేసినవాళ్ళకు మళ్ళీ ఇచ్చే వీలు ఎక్కడా రాయలేదని చెప్పాడు. కోతలు వచ్చే సోమవారం నుంచి అన్నాడు. మీరేమైనా ప్రకటన చదువుతారా అని కూడా అడిగాడు పాపం, ఎప్పుడూ ఆవిడే చదువుతుంది కాబట్టి.

బిళ్ళ ఇంకా ఉన్నవాళ్ళనైనా ఆపుదామని మైకమ్మ అక్కడినుంచి బయల్దేరింది. ఏయే ఇళ్ళలో మిషన్లున్నాయో ఆవిడకు తెలుసు. నగరసభ అనుమతి లేనిదే వీధిలో మైకు పెట్టడానికి లేదు, గుమ్మం గుమ్మం ఎక్కి నోటితో చెప్పాలి. మొదట గడియారాలు బాగుచేసే ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన భార్యకూ అత్తగారి జబ్బే. ఆవిడా అత్తగారూ ఒకే మిల్లులో పనిచేశారు. గోడ చూస్తే అక్కడా గుండ్రటి మచ్చ. ఆయన కంటికి బిగించుకున్న భూతద్దం తీసి, కుర్చీ జరిపి, కూర్చోమన్నాడు.

"మేము ముందు ఇవ్వలేదమ్మా. ఎన్ని వ్యాన్లు తిరిగినా ఇవ్వలేదు. మీ అత్తగారు ఇచ్చిందని తెలిశాకే ఇచ్చాం. ఆవిడకే భయం లేనప్పుడు మనకేమిటని మా ఆవిడ పట్టుబట్టింది."

పక్క వీధిలో రెండు ఇళ్ళ దగ్గరా ఇదే మాట. ఒకచోట పాలడైరీలో పనిచేసే కొడుకు, పెద్దావిడ ధైర్యానికి దణ్ణం పెడుతున్నానని చెప్పమన్నాడు. ఇంకోచోట బిళ్ళ ఇంకా గోడకే ఉంది, తీయించడానికి మనిషికి కబురు పెట్టామన్నారు. మైకమ్మ వద్దని బతిమాలింది. వాళ్ళు ఇబ్బందిగా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. వీధిలో ఒకలాగా, గుమ్మంలో ఒకలాగా మాట్లాడే మనిషిని ఏం నమ్మాలో వాళ్ళకు తెలియలేదు. ఆలోచిస్తామని తలుపు వేసుకున్నారు.

సోమవారం మధ్యాహ్నం కోత మొదలైంది. నడినెత్తిన సూర్యుడు, ఇంట్లో ఫ్యాను ఆగింది, మిషను ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం చాలా ఏళ్ళుగా లేదు. మొగుడు చిన్న సిలిండరు తగిలించి, ఇంకోటి ఎక్కడైనా అద్దెకు దొరుకుతుందేమోనని పరిగెత్తాడు. మైకమ్మ మంచం అంచున కూర్చుని విసనకర్రతో విసురుతూ సిలిండరు మీది ముల్లునే చూస్తోంది. గడియారాల ఆయన ఇంట్లో సిలిండరు ఉందో లేదో అడగలేదే అని ఇప్పుడు తోచింది.

అత్తగారు కళ్ళు మూసుకుని ఊపిరి తీస్తోంది. కాసేపటికి కళ్ళు తెరిచింది.

"ఈ రెండు మూడు రోజులూ ఇళ్ళన్నీ తిరిగొచ్చావు కదా," అంది, మాట మాటకీ ఆగుతూ. "నన్ను చూసి ఇంకెవరైనా ఇచ్చారా?"

ఆ కళ్ళలో ఆశ ఉంది. అవునంటే, ఆ ఇళ్ళలో ఇప్పుడు ఆగిన మిషన్ల లెక్క ఈవిడ మీద పడుతుంది. ఊరంతా నమ్మిన ఆ గొంతు ఈసారి వణకలేదు.

"లేదత్తయ్యా. ఎవరూ ఇవ్వలేదు."

అత్తగారి ముఖం చిన్నబోయింది. గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏం మనుషులో," అంది. "నువ్వు అంత బాగా చెప్పావు కూడాను."